‘కృష్ణ’ అని వెతికితే ‘రామకృష్ణ’ ఎందుకు దొరకడు? చర్చా కార్యక్రమం పూర్తి పాఠం

సంధానకర్త: నమస్కారం. యాప్‌లు తయారుచేసేవారి మధ్య ఎంతకీ తెగని తగవు ఒకటి ఈ రోజు మన ముందుకు వచ్చింది. పేరు మధ్యలోని ముక్కతో వెతికితే క్లౌడ్ డేటాబేస్ చేతులెత్తేస్తోంది. ఆ పనిని డేటాబేస్‌లోనే చేయించాలా, వేరే సెర్చ్ ఇంజిన్‌కు అప్పగించాలా? ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. నా ప్రశ్న ఒక్కటే, బిల్లు ఎవరు కట్టాలి?

డెవలపర్: బిల్లు సంగతి తరువాత సార్, ముందు జబ్బేమిటో చెప్పనివ్వండి. గూగుల్ వారి క్లౌడ్ డేటాబేస్ ఫైర్‌స్టోర్‌లో ‘రామకృష్ణ’ అనే పేరు ఉంది. ‘రామ’ దగ్గర మొదలుపెట్టి, ‘రామ’ పక్కన, కంప్యూటర్ వాడే గుర్తుల పట్టిక యూనికోడ్‌లో బాగా వెనక వచ్చే ఒక గుర్తు చేర్చి అక్కడ ఆగమంటే దొరుకుతుంది. ‘కృష్ణ’ అంటే దొరకదు. డేటాబేస్ వెతకడానికి పెట్టుకునే సూచిక, అంటే ఇండెక్స్, నిఘంటువు లాంటిది, అన్నీ మొదటి అక్షరం నుంచి వరుసలో ఉంటాయి. ‘ష్ణ’తో ముగిసే మాటలన్నీ చూపమంటే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాల్సిందే.

డేటాబేస్ నిర్వాహకురాలు: దాన్ని జబ్బు అనకండి. బేయర్, మెక్‌క్రైట్ 1972లో బి-ట్రీ అనే ఇండెక్స్ నిర్మాణం గురించి వ్యాసం ప్రచురించినప్పటి నుంచీ ఇలాంటి ఇండెక్సుల బలమంతా ఆ వరుసలోనే...

డెవలపర్: బలం కాదని ఎవరన్నారు మేడమ్? కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. యాప్ అంతా కట్టాక, చివర్లో సెర్చ్ పెట్టె పెట్టేటప్పుడు తెలుస్తుంది. అదీ నా బాధ.

సంధానకర్త: అప్పుడు బిల్లు పెరుగుతుంది కదా?

డెవలపర్: పెరగడమా! నా కళ్లారా చూశాను. ఒక యాప్‌లో 10,000 డాక్యుమెంట్లు, అంటే నమోదులు. సెర్చ్ కుదరక, అన్నిటినీ ఫోనులోకి దించి అక్కడ వడకట్టారు. అదీ ప్రతి నొక్కుకూ కొత్తగా. ‘కృష్ణ’కు ఐదు నొక్కులు: క, ృ, ష, ్, ణ. ఒక డాక్యుమెంటు చదివితే ఒక రీడ్. ఐదు పదివేలు యాభైవేలు. ఫైర్‌స్టోర్ రోజుకు ఉచితంగా ఇచ్చే రీడ్‌లు 50,000. ఒక్క మనిషి ఒక్క పేరు టైపు చేసేసరికి ఆ రోజు కోటా ఖాళీ!

డేటాబేస్ నిర్వాహకురాలు: అమెజాన్ వారి డైనమోడీబీలోనూ అంతే. ‘ఈ ముక్క ఉందా’ అని అడిగే ‘కంటెయిన్స్’ షరతు కనిపించగానే హమ్మయ్య అనుకుంటారు. అది చదివిన తరువాత వడపోసే షరతు. పట్టికంతా చదువుకుంటూ పోయే స్కాన్ ఒక్కో విడతలో 1 ఎంబీ దాకా చదువుతుంది. చదివినదానికంతా లెక్క కడతారు, మీ చేతికి ఒక్క వరుసే వచ్చినా...

సంధానకర్త: చూశారా, నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే! సెర్చ్ ఇంజినీర్ గారు, మీరు ఇంతవరకు మాట్లాడలేదు.

సెర్చ్ ఇంజినీర్: ధన్యవాదాలు. ముక్కలతో వెతకడానికే పుట్టిన పరికరాలు ఉన్నాయి. మోంగోడీబీ అనే డేటాబేస్‌కు చెందిన అట్లాస్ సెర్చ్ లోపల లూసీన్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఏ ముక్క ఏ డాక్యుమెంటులో ఉందో అది ముందే రాసి పెట్టుకుంటుంది. అక్షరదోషాలను కూడా...

డెవలపర్: ఆ పని నేనూ చేయగలను కదా! రాసేటప్పుడే ముక్కలు చేసి డాక్యుమెంటులోనే పెడితే సరి. ఇరవై గుర్తుల పేరుకు సాధ్యమైన ముక్కలన్నీ రాస్తే 210. మూడేసి గుర్తుల ముక్కలైతే పద్దెనిమిదే. ఇంత చిన్న పనికి ఇంకో సర్వీసు ఎందుకు?

సెర్చ్ ఇంజినీర్: నన్ను పూర్తి చేయనివ్వండి. ఫైర్‌స్టోర్‌లో ‘ఈ జాబితాలో ఫలానాది ఉందా’ అని అడిగే అర్రే-కంటెయిన్స్ షరతును ఒక క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ఒక ప్రశ్నలో, ఒక్కసారే వాడగలం. మూడు ముక్కలూ ఉన్నాయా అని ఎలా అడుగుతారు?

డెవలపర్: అర్రే అనే జాబితా వద్దు, కీ-విలువ జంటలుండే మ్యాప్ వాడండి. ప్రతి ముక్కా ఒక కీ, విలువ ‘ట్రూ’. ‘కృష్ణ’కు మూడు ముక్కలు: కృష, ృష్, ష్ణ. ‘ఈ కీ విలువ ట్రూకు సమానం’ అని మూడు షరతులు పెడితే మూడూ ఉన్న డాక్యుమెంట్లే వస్తాయి. నేను చేసి చూశాను, పనిచేస్తుంది.

సంధానకర్త: ఆగండి, ‘ష్ణ’ ఒక్క అక్షరం కదా? మూడంటారేమిటి?

డేటాబేస్ నిర్వాహకురాలు: మన కంటికి ఒకటే. యూనికోడ్‌కు ష, పొల్లు, ణ అని మూడు. ‘రామకృష్ణ’ మనకు నాలుగు అక్షరాలు, దానికి ఎనిమిది గుర్తులు. తెలుగు డేటా పెట్టేవారు అక్షరాల లెక్కన కోయాలా, గుర్తుల లెక్కన కోయాలా అన్నది ముందే తేల్చుకోవాలి. రాసేటప్పుడు ఒకలా, వెతికేటప్పుడు ఇంకోలా కోస్తే ఏదీ దొరకదు. దీని మీద ఎవరూ శ్రద్ధ పెట్టడం లేదు.

సంధానకర్త: ఎంత ఆసక్తిగా ఉంది! అయితే గుర్తులు ఎక్కువైతే నిల్వ ఎక్కువ, నిల్వ ఎక్కువైతే బిల్లు...

సెర్చ్ ఇంజినీర్: సార్, నా సందేహానికి జవాబు రాలేదు. మూడు ముక్కలూ పేరులో వేరువేరు చోట్ల ఉన్నా ఆ డాక్యుమెంటు వస్తుంది. తెచ్చాక మళ్లీ సరిచూడాలి. వెతికేవారు రెండు గుర్తులే కొడితే ఏం చేస్తారు? పేరు సరే, పెద్ద వ్యాసమైతే? ఒక డాక్యుమెంటుకు ఇండెక్స్ నమోదులు 40,000 దాటకూడదు.

డెవలపర్: నేను పేర్ల గురించి మాట్లాడుతున్నాను! మీ దారిలో డేటా రెండు చోట్ల ఉంటుంది. ఇక్కడ తొలగించిన మనిషి అక్కడ సెర్చ్‌లో కనిపిస్తూనే ఉంటాడు. డైనమోడీబీలో మార్పుల చిట్టా అయిన స్ట్రీమ్‌లో మార్పులు 24 గంటలే ఉంటాయి. వాటిని సెర్చ్ ఇంజిన్‌కు చేర్చే మీ అనుసంధానం రెండు రోజులు ఆగిపోతే ఆ మార్పులు పోయినట్టే.

సెర్చ్ ఇంజినీర్: అందుకే మొత్తం ఇండెక్స్‌ను మళ్లీ కట్టే దారి ముందే...

డెవలపర్: మళ్లీ కట్టాలంటే మళ్లీ అన్నీ చదవాలి!

సంధానకర్త: అంటే మళ్లీ బిల్లు!

డేటాబేస్ నిర్వాహకురాలు: ఒక్క మాట. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో పీజీ-ట్రైగ్రామ్ అనే ఎక్స్‌టెన్షన్, అంటే అదనంగా తగిలించుకునే భాగం, ఉంది. ముక్కలు కోయడం, తెచ్చాక సరిచూడడం అదే చేస్తుంది. రెండో కాపీ అక్కర్లేదు. డేటాబేస్‌ను ఎంచుకునే రోజునే సెర్చ్ గురించి అడిగి ఉంటే ఈ గొడవ...

డెవలపర్: ఇప్పటికే ఎంచుకున్నవారి సంగతి చెప్పండి మేడమ్. లక్ష డాక్యుమెంట్లు ఉన్నవారిని ఇల్లు మారమంటారా?

సంధానకర్త: మనకు సమయం లేదు. డెవలపర్ గారు, ముప్పై సెకన్లలో ముగించండి.

సెర్చ్ ఇంజినీర్: సార్, నా రెండు గుర్తుల ప్రశ్న...

డెవలపర్: ముక్కలు రాసేటప్పుడే చేయండి. పాత డాక్యుమెంట్లకు ఒక్కసారి స్క్రిప్టు నడపండి. పేరు మారినప్పుడు పాత ముక్కలు తీసేయడం మరవకండి, చాలామంది అక్కడే దెబ్బతింటున్నారు. ఇంకొకటి, ప్రతి నొక్కుకూ క్వెరీ పంపకండి, టైపు చేసే చేయి ఆగాక...

(సమయం ముగియడంతో ప్రసారం ఇక్కడ ఆగింది.)