వాటా వేరు, తలల లెక్క వేరు

శ్రోతలకు నమస్కారం.

పోలింగ్ ముగిసిన సాయంత్రం మన ఇళ్లలో ఎగ్జిట్ పోల్ అంటే ఒకటే ప్రశ్న: ఏ పార్టీకి ఎన్ని సీట్లు? ఆ అంకె కోసం టెన్షన్ పడతాం, అది నిజమైతే మెచ్చుకుంటాం, తప్పితే తిట్టుకుంటాం. కానీ ఎగ్జిట్ పోల్‌లో నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించే భాగం ఇంకొకటుంది. బూత్‌కు ఎవరెవరు వచ్చారు, వచ్చినవాళ్లలో ఎవరు ఎటు వేశారు అనేది. ఆడా మగా, వయసు, జాతి, చదువు... ఇలా గళ్లుగళ్లుగా వచ్చే ఆ పట్టికను సరిగా చదవడం కష్టం కాదు, తప్పుగా చదవడం ఇంకా సులువు. ఇవాళ అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రాన్ని ఉదాహరణగా తీసుకుని దాని గురించి మాట్లాడతాను. వీలైతే పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకోండి. అంకెలు నెమ్మదిగానే చెబుతాను.

ముందు ప్రైమరీ అంటే ఏమిటో ఒక్క మాట. మన దగ్గర పార్టీ టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. బీ-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి. అమెరికాలో ఆ టికెట్ కోసం కూడా జనం ఓటేస్తారు. ఒకే పార్టీకి చెందిన నలుగురైదుగురు పోటీ పడతారు, రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో ఆ పార్టీ వైపు మొగ్గే ఓటర్లు వచ్చి ఎంచుకుంటారు. సౌత్ కరోలినాలో ఓటరు ఏ పార్టీ వాడో ముందుగా నమోదు చేసుకునే పద్ధతి లేదు. డెమొక్రాట్ల ప్రైమరీలోనైనా వేయొచ్చు, రిపబ్లికన్ల ప్రైమరీలోనైనా వేయొచ్చు. రెండింట్లోనూ మాత్రం వేయకూడదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని పడుతుంది.

ఇక ఎగ్జిట్ పోల్ ఎలా చేస్తారు? అమెరికాలో దీనికి దారి వేసినవారిలో వారెన్ మిటోఫ్‌స్కీ ముఖ్యులు. జనగణన శాఖలో పనిచేసి సీబీఎస్ టీవీకి వచ్చిన ఆయన 1967లో కెంటకీ గవర్నర్ ఎన్నికలో బూత్ బయట ఓటర్లను అడిగించారు. పద్ధతి ఇప్పటికీ దాదాపు అదే. రాష్ట్రంలోని బూత్‌లలో కొన్నింటిని ఎంచుకుంటారు. అక్కడ ఓటేసి బయటికొచ్చేవాళ్లలో ప్రతి మూడోవాణ్ణో, ప్రతి అయిదోవాణ్ణో ఆపి ఒక కాగితం చేతికిస్తారు. ఓటరు తనే టిక్కులు పెట్టి, మడిచి డబ్బాలో వేస్తాడు. ఎవరికి వేశావని నోటితో అడగరు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా, ఇదీ అంతే. అయితే ఆ మెతుకును మన ఇష్టమొచ్చిన చోటు నుంచి తీయకూడదు. అందుకే ఆ మూడోవాడు, అయిదోవాడు అన్న నియమం. నవ్వుతూ ఎదురొచ్చేవాణ్ణే అడుగుతానంటే కుదరదు.

2008 జనవరి 26. సౌత్ కరోలినా డెమొక్రాట్ల ప్రైమరీ. బరిలో బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్, జాన్ ఎడ్వర్డ్స్. ఓటేసినవారిలో నల్లజాతివారు 55 శాతమని, వారిలో 78 శాతం ఒబామాకు వేశారని ఎగ్జిట్ పోల్ చెప్పింది. తెల్లవారు 43 శాతం, వారిలో ఒబామాకు వేసింది 24 శాతం. ఇప్పుడు పెన్సిలు తీయండి. 55లో 78 శాతం అంటే 43కు కాస్త తక్కువ. 43లో 24 శాతం అంటే పదికి కాస్త ఎక్కువ. రెండూ కలిపితే 53. మిగిలిన చిన్న సమూహాలనూ కలుపుకుంటే ఇంకాస్త పెరుగుతుంది. ఒబామాకు నిజంగా వచ్చినవి 55 శాతం ఓట్లు.

ఈ గుణకారంలోనే అంతా ఉంది. ఒక సమూహం ఒక అభ్యర్థికి ఇచ్చే బలం రెండు అంకెల లబ్ధం: వచ్చినవాళ్లలో వాళ్ల వాటా ఎంత, ఆ వాటాలో అతని పక్కన నిలిచిందెంత. టీవీలో చాలాసార్లు రెండో అంకె ఒక్కటే చెబుతారు. "ఫలానా వర్గంలో 80 శాతం ఆయనకే" అంటారు. ఆ వర్గం వచ్చినవాళ్లలో నూటికి ముగ్గురైతే ఆ 80 శాతం వల్ల ఆయనకొచ్చేది రెండున్నర శాతం లోపే. ఇంకో పొరపాటు ఇంతకన్నా ఎక్కువగా జరుగుతుంది. నల్లజాతి ఓటర్లలో 78 శాతం ఒబామాకు వేశారనడం ఒకటి, ఒబామాకు వేసినవారిలో ఇంత శాతం నల్లజాతివారనడం ఇంకొకటి. మొదటిది నల్లజాతి ఓటర్ల గురించి చెబుతుంది, రెండోది ఒబామా ఓటర్ల గురించి. వాక్యం తిరగేస్తే అర్థం మారిపోతుంది, కానీ చదివేవాళ్ల గొంతులో ఆ తేడా వినిపించదు.

ఇప్పుడు వాటా అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే మాట ఇదే. పెళ్లి బంతిలో మగపెళ్లివారి వాటా నిరుటికన్నా పెరిగిందన్నారనుకోండి. మగపెళ్లివారు ఎక్కువమంది వచ్చి ఉండొచ్చు. లేదా ఆడపెళ్లివారు రాకుండా ఉండొచ్చు. విస్తళ్లు లెక్కపెడితే గానీ ఏది నిజమో తెలియదు.

సౌత్ కరోలినాలో విస్తళ్లు లెక్కపెడదాం. 2004 డెమొక్రాట్ల ప్రైమరీలో ఓటేసినవారు సుమారు 2 లక్షల 90 వేలు. నల్లజాతివారి వాటా 47 శాతం, తెల్లవారిది 51. 2008కి నల్లజాతి వాటా 55కి పెరిగింది, తెల్లవారిది 43కి పడిపోయింది. ఆ పూట వినేవాళ్లకు ఏమనిపిస్తుంది? తెల్లవారు డెమొక్రాట్ల ప్రైమరీకి దూరమయ్యారని. కానీ 2008లో ఓటేసినవారు 5 లక్షల 32 వేలు. అందులో 43 శాతం అంటే సుమారు 2 లక్షల 29 వేలు. 2004లో తెల్లవారు లక్షన్నర లోపే. దూరమవడం మాట అటుంచి, 80 వేలమంది అదనంగా వచ్చారు. వాళ్లకన్నా నల్లజాతివారు ఇంకా వేగంగా పెరిగారు. లక్షా 36 వేల నుంచి 2 లక్షల 93 వేలకు, రెట్టింపు దాటింది. అందుకని తెల్లవారి వాటా చిన్నదైంది, అంతే.

2016లో దీనికి తిరగబడ్డ కథ. ఆ ఏడాది హిల్లరీ క్లింటన్, బెర్నీ శాండర్స్ పోటీ. నల్లజాతివారి వాటా 61 శాతానికి చేరింది, 2008 కన్నా ఎక్కువ. నల్లజాతి ఓటర్లు వెల్లువెత్తారని ఎవరైనా అనుకుంటారు. కానీ మొత్తం ఓటేసింది 3 లక్షల 71 వేలమందే. అందులో 61 శాతం అంటే 2 లక్షల 26 వేలు. 2008తో పోలిస్తే అరవై ఏడు వేలమంది నల్లజాతి ఓటర్లు తగ్గారు! వాటా మాత్రం పెరిగింది, ఎందుకంటే తెల్లవారు ఇంకా ఎక్కువగా తగ్గారు, 2 లక్షల 29 వేల నుంచి లక్షా 30 వేలకు. ఎక్కడికి పోయారు? ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. సరిగ్గా వారం ముందు, ఫిబ్రవరి 20న, అదే రాష్ట్రంలో రిపబ్లికన్ల ప్రైమరీ జరిగింది. ట్రంప్ బరిలో ఉన్న ఆ పోటీకి 7 లక్షల 40 వేలమంది వచ్చారు. అక్కడ వేసినవారు ఇక్కడ వేయలేరు. మళ్లీ 2020లో రిపబ్లికన్ పార్టీ ఆ రాష్ట్రంలో అధ్యక్ష ప్రైమరీయే పెట్టలేదు. డెమొక్రాట్ల ప్రైమరీకి 5 లక్షల 39 వేలమంది వచ్చారు. నల్లజాతి వాటా 61 నుంచి 56కి తగ్గింది. మనుషుల సంఖ్య చూస్తే మూడు లక్షలు దాటింది.

ఒక్కసారి ఆలోచించండి. వాటా ఎక్కువగా ఉన్న ఏడాది మనుషులు తక్కువ, వాటా తగ్గిన ఏడాది మనుషులు ఎక్కువ. వాటా ఒక్కటే విని "వాళ్లలో ఉత్సాహం పెరిగింది", "వీళ్లు నీరసపడ్డారు" అని వ్యాఖ్యానించేవాళ్లు లక్షలమంది మనుషుల గురించి ఉన్నదానికి వ్యతిరేకంగా మాట్లాడుతున్నారు. నాకు ఇది చిన్న తప్పులా అనిపించదు.

ఇంకో కథ చెబుతాను. ఇది న్యూ హాంప్‌షైర్‌ది, అదే 2008 జనవరి. మూడో తేదీన అయోవాలో ఒబామా గెలిచారు. ఎనిమిదిన న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ. ముందస్తు సర్వేలన్నీ ఒబామాయే అన్నాయి. హిల్లరీ క్లింటన్ 39 శాతంతో గెలిచారు, ఆయనకు 36 శాతానికి కొంచెం పైన. ముందురోజు పోర్ట్స్‌మత్‌లో ఒక కాఫీ షాపులో ఒక మహిళ, ఇదంతా ఎలా తట్టుకుంటున్నారని అడిగితే, జవాబిస్తూ హిల్లరీ గొంతు జీరబోయింది. అంతే, ఆడవాళ్లు ఆ కన్నీళ్లకు కరిగిపోయి మనసు మార్చుకున్నారన్న కథ పుట్టేసింది. ఆధారంగా రెండు అంకెలు చూపించారు. అయోవాలో ఆడవాళ్లలో ఒబామాకు 35, హిల్లరీకి 30. న్యూ హాంప్‌షైర్‌లో హిల్లరీకి 46, ఒబామాకు 34.

అంకెలు సరైనవే. కానీ అయోవా ఆడవాళ్లు వేరు, న్యూ హాంప్‌షైర్ ఆడవాళ్లు వేరు. రెండు రాష్ట్రాలకూ మధ్య పదిహేను వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఒక చోట వేసినవారు రెండో చోట వేయలేదు. కర్నూలు ఆడవాళ్ల అంకె పక్కన శ్రీకాకుళం ఆడవాళ్ల అంకె పెట్టి, అయిదు రోజుల్లో ఆడవాళ్లు మారిపోయారంటే ఒప్పుకుంటామా? పైగా న్యూ హాంప్‌షైర్ ఎగ్జిట్ పోల్‌లో ఎప్పుడు నిర్ణయించుకున్నారని కూడా అడిగారు. ఓటేసిన రోజే తేల్చుకున్నామన్నవారు 17 శాతం. వాళ్లు ఇద్దరి మధ్యా చీలిన తీరు మొత్తం ఫలితానికి దాదాపు నకలు. అంటే ఆఖరి గంటల్లో ఒక వైపుకు పొంగిన వరద ఆ పట్టికలో కనబడదు. ముందస్తు సర్వేలు ఎందుకు తప్పాయో ఆ తర్వాత ఒక నిపుణుల సంఘం కూర్చుని పరిశీలించి, ఒక్క కారణం కాదని, అనేకం కలిసాయని తేల్చింది. వేలమంది మహిళలు ఆలోచించి వేసిన ఓటును ఒక్క కన్నీటి చుక్కకు కట్టబెట్టడం ఆ రోజూ అన్యాయమే, ఇవాళా అన్యాయమే.

ఎగ్జిట్ పోల్‌కు తనదంటూ ఒక లోపం కూడా ఉంది. కాగితం ఇస్తే తీసుకోనివాళ్లు. వాళ్లను బలవంతపెట్టరు. ఆడా మగా, సుమారు వయసెంత, జాతేమిటి అని చూపుతో అంచనా వేసి రాసుకుంటారు, లెక్కలో దాన్ని సర్దుతారు. కానీ మొహం చూసి ఓటు ఎటో చెప్పలేం కదా. 2004 అధ్యక్ష ఎన్నిక రోజు మధ్యాహ్నం బయటికి పొక్కిన ఎగ్జిట్ పోల్ అంకెల్లో జాన్ కెర్రీ ముందున్నారు. గెలిచింది బుష్. సర్వే చేసిన సంస్థే తర్వాత నివేదిక ఇచ్చింది: బుష్‌కు వేసినవారికన్నా కెర్రీకి వేసినవారు కాగితం ఎక్కువగా తీసుకున్నారని. ఆ తర్వాతి ఎన్నికల నుంచి ఈ అంకెలు చూసే విశ్లేషకులను ఫోన్లు లేకుండా ఒక గదిలో కూర్చోబెట్టి సాయంత్రం అయిదు దాకా బయటికి వదలడం లేదు. మన దేశంలో అయితే చట్టమే ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఎ సెక్షన్ ప్రకారం, ఎన్నికల సంఘం చెప్పిన వేళ దాటేదాకా ఎగ్జిట్ పోల్ బయటపెడితే రెండేళ్ల దాకా జైలు.

రాత్రి గడిచేకొద్దీ అమెరికా పట్టికలో అంకెలు కదులుతాయి. ఏడింటికి చూసినది పదింటికి ఉండదు. అది మోసం కాదు. అసలు ఓట్లు లెక్కకొచ్చేకొద్దీ పట్టిక మొత్తం ఆ ఫలితానికి సరిపోయేలా సర్దుతారు. అందుకే చివరి పట్టిక ఫలితంతో కలిసిందని మెచ్చుకోవడంలో అర్థం లేదు, కలిసేలా చేసిందే అది. ఇందాక మనం చేసిన గుణకారం కుదరడానికి కూడా ఒక కారణం అదే. ఎవరెవరు వచ్చారో, ఎటు వేశారో తెలుసుకోవడానికి చివరి పట్టికే చూడండి, సర్వే ఎంత బాగా చేశారో తెలియాలంటే మొదటి పట్టిక కావాలి.

ఇక ప్రైమరీ ఓటర్లు రాష్ట్రం కాదు. సౌత్ కరోలినా జనాభాలో నల్లజాతివారు నాలుగో వంతుకు కొంచెం పైన. డెమొక్రాట్ల ప్రైమరీలో సగానికి పైన. ఆ ప్రైమరీని అంత ఘనంగా గెలిచిన ఒబామా అదే ఏడాది నవంబరులో దేశాన్ని గెలిచి, ఆ రాష్ట్రంలో మాత్రం రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెక్‌కెయిన్ చేతిలో ఓడిపోయారు.

టెక్సస్‌లోనో న్యూ జెర్సీలోనో ఓటు హక్కు తెచ్చుకున్న మనవాళ్లు ఈ ప్రైమరీల్లో ఓటేస్తున్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఇక్కడ గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు. పట్టికలో తమ పిల్లల కోసం వెతికితే దొరకరు. తెలుగు, తమిళం, గుజరాతీ మాట అలా ఉంచండి, చైనా, కొరియా, వియత్నాం మూలాలున్నవారితో కలిపి అందరికీ "ఆసియన్" అని ఒకటే గడి. చాలా రాష్ట్రాల ప్రైమరీల్లో ఆ గడి పక్కన ఒకటో రెండో శాతం అని ఉంటుంది, ఎవరికి ఎంత వేశారన్న చోట గీత ఉంటుంది. అక్కడ జవాబిచ్చినవారు మరీ కొద్దిమంది. వందమందినే అడిగితే అంకె పది శాతం అటో ఇటో ఊగుతుంది, ఇరవై మందితో అయితే చెప్పనే అక్కర్లేదు. అందుకే నిజాయితీగా ఖాళీ వదిలేస్తారు. ఆ గీతకు అర్థం సున్నా అని కాదు. ఓటేసి వచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్లను కాగితం పట్టుకుని అడిగినవాళ్లే తక్కువ.

నమస్కారం.