ఎంజీబీ వెనక యాక్సిల్‌లో టక్‌మనే చప్పుడు: డిఫరెన్షియల్ దించకుండానే రిపేరు

[తెర మీద: కారు అడుగు భాగం. ఒక చెయ్యి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని అటూ ఇటూ తిప్పుతోంది. టక్... టక్...]

వాయిస్: ఇది ఎంజీబీ, బ్రిటన్‌లో తయారైన పాత స్పోర్ట్స్ కారు. గేరు వేసి క్లచ్ వదలగానే, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే వెనక నుంచి ఈ చప్పుడు. వినగానే క్రౌన్ పినియన్, అంటే ఇంజన్ తిప్పుడుని వెనక చక్రాల వైపు మళ్లించే పెద్ద గేర్ల జత, పోయిందంటారు. చాలాసార్లు పోయేది డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకీ బలం పంచే గేర్ల అమరిక) లోపలి థ్రస్ట్ వాషర్లు, అంటే గేర్ల వెనక ఒత్తిడి తట్టుకునే పల్చని బిళ్లలు. మొత్తం నాలుగే.

ముందు మీ కారుకి ఏ యాక్సిల్ ఉందో చూడండి. 1962లో వచ్చిన రోడ్‌స్టర్‌కి (ఓపెన్ టాప్ మోడల్) బాంజో రకం: వెనక నున్నగా ఉంటుంది, డిఫరెన్షియల్ ముందువైపు నుంచి ఊడుతుంది. 1965 నాటి జీటీకి (గట్టి టాపున్న మోడల్) మొదటి నుంచీ, రోడ్‌స్టర్‌కి 1967 నుంచీ సాల్స్‌బరీ ట్యూబ్ యాక్సిల్. వెనక బోల్టులతో బిగించిన కవర్ ఉంటే ఇదే. ఈ వీడియో దీని గురించే. ఇంజన్ బి-సిరీస్ అనే రకం, మన అంబాసడర్‌కి చుట్టమే కదా అని యాక్సిల్‌కి కూడా అంబాసడర్ సామాన్లు తెచ్చి వేయకండి.

[క్లోజప్: వైర్ వీల్ హబ్ స్ప్లైన్లు]

విప్పేముందు మిగతా అనుమానాలు తీర్చుకోవాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసుల్లో ప్లే, కమాన్ కట్టల యు-బోల్టులు వదులు, ఇవి కూడా ఇలాగే కొడతాయి. వైర్ వీల్స్ (తీగల చక్రాలు) ఉంటే హబ్ స్ప్లైన్లు, అంటే చక్రం కూర్చునే హబ్ మీది పళ్లు చూడండి. పళ్లు అరిగి కత్తి అంచులా కనిపిస్తే డిఫరెన్షియల్‌ని తప్పుపట్టి లాభం లేదు. కొత్త హబ్‌లు వేసేటప్పుడు ఎడమ కుడి మార్చకండి, మరలు తిరిగే దిశలు వేరు.

[తెర మీద: వెనక హబ్ నట్టు]

హబ్ నట్టు స్ప్లిట్ పిన్ తీసి, కారు నేల మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కిపట్టగా నట్టు వదులు చేయండి. బిగింపు 150 పౌండ్-అడుగులు, అంటే సుమారు 203 న్యూటన్ మీటర్లు, కాబట్టి పొడుగు రాడ్డు తప్పదు. తర్వాత ముందు చక్రాలకి అడ్డు పెట్టి, కారుని స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి.

డ్రమ్ము, హబ్, బ్రేక్ పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, బ్యాక్‌ప్లేట్ వరసగా తీసి, స్లైడ్ హ్యామర్‌తో (జారే బరువుతో కొట్టి లాగే పనిముట్టు) యాక్సిల్ షాఫ్ట్‌ని బేరింగ్‌తో సహా బయటికి లాగాలి. రెండో పక్కా అంతే. కవర్ కింది అంచు వదులు చేస్తే ఆయిల్ ట్రేలోకి కారిపోతుంది.

[క్లోజప్: కవర్ తీసిన డిఫరెన్షియల్]

చిన్న గేర్లు తిరిగే ఇరుసైన క్రాస్ షాఫ్ట్‌ని పట్టి ఉంచే చిన్న పిన్నుని దానికన్నా కాస్త సన్నని పంచ్‌తో కొట్టి తీసి, షాఫ్ట్‌ని తోసేయండి. పెద్ద గేర్లని తిప్పితే చిన్న గేర్లు రెండూ కేసు కిటికీ దగ్గరికి వస్తాయి. వాటి వెనక రాగి వాషర్లు. తర్వాత పెద్ద గేర్లు, వాటి వెనక ఫైబర్ వాషర్లు. ఫైబర్ వాషర్ తరచుగా ముక్కలై ఉంటుంది. ముక్కలన్నీ పేర్చి పూర్తి వాషర్ అవుతుందో లేదో చూడండి. ఒక్కటి తగ్గినా హౌసింగ్ అడుగునో, పళ్ల మధ్యో ఇరుక్కుని ఉంటుంది. క్రాస్ షాఫ్ట్ మీద గోరుకి తగిలేంత గాడి పడితే అదీ మార్చాలి, లేకపోతే కొత్త వాషర్లు వేసినా చప్పుడు పూర్తిగా పోదు.

బిగించేటప్పుడు ముందు పెద్ద గేర్లు, ఆయిల్ రాసిన ఫైబర్ వాషర్లతో. తర్వాత చిన్న గేర్లు రెండూ సరిగ్గా ఎదురెదురుగా పెట్టి, కలిపి లోపలికి తిప్పండి. రంధ్రాలు కుదరలేదంటే ఒక గేరు ఒక పన్ను తేడాతో ఎక్కినట్టు. మళ్లీ తీసి పెట్టండి, షాఫ్ట్‌ని సుత్తితో బలవంతపెట్టకండి.

క్రౌన్ వీల్ కేరియర్‌ని (పెద్ద పళ్ల చక్రం బిగించిన కేసుని) మాత్రం కదపొద్దు. దాన్ని దించాలంటే హౌసింగ్‌ని సాగదీసే ప్రత్యేక పనిముట్టు కావాలి, ఈ పనికి అవసరమే లేదు. పినియన్ నట్టు జోలికీ పోవద్దు. దాని వెనక నలిగే స్పేసర్ ఉంటుంది, ఇంపాక్ట్ గన్‌తో బిగిస్తే అది ఎక్కువ నలిగి బేరింగ్ మీద ఒత్తిడి పెరుగుతుంది, వెనక్కి తిప్పినా స్పేసర్ తిరిగి లేవదు.

[తెర మీద: షాఫ్ట్ సీల్, కాలర్]

షాఫ్ట్‌లు ఎలాగూ బయటే ఉన్నాయి కాబట్టి ఆయిల్ సీళ్లు కొత్తవి వేయండి. సీల్ రాసుకునే కాలర్ మీద గాడి ఉంటే కాలర్ కూడా. కవర్‌కి కొత్త గ్యాస్కెట్, హబ్ నట్టుకి కొత్త స్ప్లిట్ పిన్. బ్రేక్ పైపు విప్పాం కాబట్టి బ్రేకుల్లోంచి గాలి తీయడం మరచిపోకండి.

ఆయిల్ 90 గ్రేడ్ ఈపీ (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే గేర్ ఆయిల్), సుమారు 0.85 లీటరు. కారు సమతలంగా ఉండగా ఫిల్లర్ రంధ్రం దాకా పోస్తే చాలు. యాక్సిల్ మీదున్న చిన్న బ్రీదర్‌ని (గాలి బయటికి పోయే దారి) తీగతో పొడిచి గాలి ఊది చూడండి. అది మూసుకుపోతే వేడికి లోపల పెరిగిన ఒత్తిడి కొత్త సీళ్లని కూడా దాటించి, ఆయిల్‌ని బ్రేక్ షూల మీదకి తోస్తుంది.