కనిపెట్టినవాడే జోస్యుడైన కాలం

అందరికీ నమస్కారం.

పందొమ్మిదో శతాబ్దం ప్రస్తావన వస్తే చాలామంది ఒక కథ చెబుతారు. 1899లో అమెరికా పేటెంట్ కమిషనర్ చార్ల్స్ డ్యూయెల్ "కనిపెట్టాల్సినవన్నీ కనిపెట్టేశారు" అన్నాడట. ఆయన అలా అన్నట్టు ఆధారం లేదు. ఆ శతాబ్దానికున్న పిచ్చి అసలు దానికి పూర్తిగా తలకిందులు. కొత్త యంత్రం ఒకటి కనబడితే చాలు, దాని వెనకాలే రాబోయే లోకమంతా కనబడిపోయేది వాళ్ళకి.

1858 ఆగస్టునే తీసుకోండి. ఐర్లండ్ నుంచి న్యూఫౌండ్‌లాండ్ దాకా అట్లాంటిక్ అడుగున తంతి పరిచారు. విక్టోరియా రాణి పంపిన 98 మాటలు ఒడ్డు చేరడానికి 16 గంటలు పట్టింది. గంటకి ఆరు మాటలండీ! అయినా న్యూయార్క్‌లో ఊరంతా పండగే. బాణసంచా నిప్పుకి సిటీ హాల్ గుమ్మటం అంటుకుంది. మిగిలిన తీగని టిఫనీ నగల దుకాణంవాళ్ళు కొని, నాలుగేసి అంగుళాల ముక్కలుగా కోసి, ముక్క 50 సెంట్లకి అమ్మారు. ప్రెసిడెంట్ బుకానన్ అయితే ఇది శాశ్వత శాంతికి బంధమవుతుందని, లోకమంతటికీ నాగరికతనూ స్వేచ్ఛనూ పంచుతుందని రాణికి జవాబిచ్చాడు. అంతకు ముందు ఏడాదే మన దేశంలో సిపాయిల తిరుగుబాటుని అణచడానికి ఇంగ్లీషువాళ్ళకి అక్కరకొచ్చింది తంతే. పత్రికలు చదివేవాళ్ళకి ఆ సంగతి తెలియక కాదు, శాంతి జోస్యానికి అడ్డమనిపించలేదంతే.

సెప్టెంబరు వచ్చేసరికి ఆ తంతి మూగబోయింది. చాలినంత వేగం లేదని ఆ తంతి కంపెనీ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్ దాంట్లోకి వేల వోల్టులు ఎక్కించాడు. అసలే నాసిరకం తీగ, తట్టుకోలేకపోయింది. జనం తంతిని తిట్టుకున్నారు కానీ జోస్యాన్ని వదల్లేదు. 1866లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ మళ్ళీ పరిచింది, ఈసారి నిలిచింది.

ఇక ఎడిసన్. 1877లో ఫోనోగ్రాఫ్, అంటే శబ్దాన్ని పట్టి ఉంచి మళ్ళీ వినిపించే యంత్రం, చేశాడు. మరుసటి ఏడాదే ఒక పత్రికలో దాని భవిష్యత్తు గురించి వ్యాసం రాసి, పది ఉపయోగాలు వరసగా చెప్పాడు. మొదటిది ఆఫీసు ఉత్తరాలు చెప్పి రాయించడం. తరవాత అంధులకి పుస్తకాలు, ఉచ్చారణ పాఠాలు. సంగీతానిది నాలుగో స్థానం. ఇంట్లో పెద్దవాళ్ళ చివరి మాటలు దాచుకోవడం, టైము చెప్పే గడియారాలు కూడా ఉన్నాయి. చదువుతుంటే ఊహ ఎంత దూరం పోయిందా అని ముచ్చటేస్తుంది. కాకపోతే ఆ పదిటిలో ఏది ముందో తేల్చే హక్కు తనదేననుకున్నాడు. నాకు ఆ శతాబ్దమంతా ఆ వరసలోనే కనబడుతుంది: యంత్రం చేసినవాడికే దాని భవిష్యత్తు తెలుసునన్న నమ్మకం.

1889లో శాన్ ఫ్రాన్సిస్కోలో లూయీ గ్లాస్ అనే ఆయన ఒక సారా దుకాణంలో ఫోనోగ్రాఫ్ పెట్టాడు. నికెల్ నాణెం వేసి, గొట్టం చెవిలో పెట్టుకుంటే పాట. జనం ఎగబడ్డారు. ఉత్తరాల సంగతి ఎవడికి కావాలి! ఎడిసన్‌కి ఇది నచ్చలేదు, తన యంత్రాన్ని ఆటబొమ్మ చేస్తున్నారని బాధపడ్డాడు. ఆయన జాబితాలో ఆరోది బొమ్మలే, 1890లో మాట్లాడే బొమ్మలు అమ్మిందీ ఆయనే, అది వేరే సంగతి. చివరికి 1896లో ఇళ్ళలో పాటలు వినే ఫోనోగ్రాఫులు అమ్మడానికి ఆయనే సొంతంగా ఒక కంపెనీ పెట్టాడు.