కెమెరా బ్యాగు పట్టీ ఊడొచ్చింది, ఇప్పుడు ఏది కొనాలె? (ఫోన్-ఇన్)

యాంకర్: హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నరు?

మొదటి కాలర్: నమస్తే అన్నా, అచ్చంపేట. పెళ్లిళ్ల ఫొటోలు తీస్త, తీరిక దొరికితే అడివి పట్టుకొని తిరుగుత. చైత్ర పున్నానికి నల్లమల లోయల ఉండే సలేశ్వరం జాతరకు పోయిన, దిగేటప్పుడు వస్తున్నం లింగమయ్యా అనుకుంట మంచిగనే దిగిన, మళ్ల ఎక్కొచ్చేటప్పుడు బ్యాగు కుడి పట్టీ పైన కుట్టుకాడికి ఊడొచ్చింది. అండ్ల నికాన్ డీ7200 కెమెరా, 200-500 లెన్సు. ఎనకొచ్చే పెద్దాయన ఒడిసి పట్టుకున్నడు గని లేకుంటే నా పని అయిపోతుండె.

గెస్ట్: లెన్సుకేం కాలే కద? సరే. ఆ బ్యాగు దగ్గర్ల ఉంటే ఊడిన చివర సూడు తమ్మీ, బట్ట చినిగిందా, దారం తెగిందా?

మొదటి కాలర్: ఒక్క నిమిషమన్నా... బట్ట మంచిగనే ఉన్నది. దారమే పోయింది, అడ్డంగ ఒక్కటే కుట్టేసిండ్రు.

గెస్ట్: గదే. అందరు ఫోన్ చేసి 1000 డెనియరా, 500 డెనియరా అని అడుగుతరు. డెనియర్ అంటే 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతదో ఆ లెక్క, దారం లావు చెప్తదంతే. నేను చూసినకాడికి బ్యాగు బట్టకాడ పోదు, కుట్టుకాడ పోతది, చైనుకాడ పోతది. పట్టీ బ్యాగులకు పోయేకాడ చతురస్రం కొట్టి దాని లోపల ఇంటూ గుర్తు లెక్క కుట్టాలె, లేకుంటే సందు లేకుండ దగ్గర దగ్గర కుట్టు ఉండాలె, బార్‌టాక్ అంటరు. జీన్స్ ప్యాంటు బెల్టు లూపుల కింద మందంగ ఉంటది సూడు, అదే. కొనేటప్పుడు పట్టీని ఎనక్కి మడిచి లోపల చూడు, అక్కడ కనబడుతది కంపెనీ ఎంత పిసినారిదో.

యాంకర్: (నవ్వు) మరి సైజు సంగతి?

గెస్ట్: ముందు బరువు లెక్క కడదాం. కెమెరా బాడీ బ్యాటరీతోని 765 గ్రాములు, 200-500 లెన్సు 2300. ఇంకేం మోస్తవ్?

మొదటి కాలర్: 18-140 లెన్సు ఉంటదన్నా, రెండు లీటర్ల నీళ్లు, ట్రైపాడు.

గెస్ట్: 18-140 ఒక 490. కెమెరా సామాను మూడున్నర కిలోలు, నీళ్లు రెండు, ట్రైపాడు ఒకటిన్నర అనుకో, బ్యాగుదే ఇంకో రెండు, మొత్తం తొమ్మిది కిలోలు. అంత బరువు ఒట్టి భుజాల మీద మోస్తే ఎక్కేటప్పుడు ప్రతి అడుగుకు పట్టీ గుంజుతది, నీ కుట్టు గట్లనే తెగింది. నడుం బెల్టు మెత్తగ, వెడల్పుగ ఉన్నది తీస్కో, సన్నటి నాడ లెక్కది వద్దు, అది బ్యాగు ఊగకుండ పట్టుకుంటది గని బరువు మొయ్యది. ముందు బెల్టు తుంటి ఎముక మీద కూసోబెట్టి బిగించు, తర్వాతనే భుజం పట్టీలు. భుజం పట్టీ కింద వేళ్లు సులువుగ దూరుతే బరువు నడుం మీదికి దిగినట్టు.

మొదటి కాలర్: ఆన్‌లైన్ల కొంటే ఎట్ల తెలుస్తదన్నా?

గెస్ట్: బ్యాగు రాంగనే ట్యాగు తెంపకు. ఇంట్ల తొమ్మిది కిలోల బియ్యం మూటకట్టి అండ్ల పెట్టి, మేడ మెట్లు ఇరవై సార్లు ఎక్కి దిగు. మెడకాడ గుంజిందంటే వాపస్ పంపు. ఆ, ఇంకోటి, లెన్సు కెమెరాకు తగిలిచ్చి పెట్టాల్నంటే లోపల పొడుగు 34 సెంటీమీటర్లకు పైన కావాలె, ఫొటోల అన్నీ పట్టినట్టే కనబడతయ్, టేపు పట్టి సూస్కో. ఎనక వీపు వైపు తెరిచేది మంచిది, రాయి మీద పండబెట్టినా మట్టి నీ అంగికి అంటది.

యాంకర్: అంటదా?

గెస్ట్: అంటదు అంటదు, అంటుకోదు అంటున్న. (నవ్వు) ముందు దిక్కు మట్టిల ఉంటది, వీపు దిక్కు పైకి ఉంటది కద.

యాంకర్: ఇంకో కాల్, మహబూబ్‌నగర్ నుంచి.

రెండో కాలర్: సార్, నా బ్యాగు లోపల తెల్లగ పొట్టు రాలుతున్నది, చేతికి జిగటగ అంటుతది, లెన్సు మీద గూడ పడుతున్నది.

గెస్ట్: అది నీళ్లు ఆగాలని ఏసిన పూత సార్, ఎండకు, తేమకు గట్లనే ఊడుతది, మళ్ల రాదు. బండి మీద ఎండల ఇడిచిపెట్టకుండ్రి. ఇంక దాన్ల లెన్సు పెట్టొద్దు, బట్టలకు వాడుకోర్రి. కొత్తది కొన్నా వాటర్ ప్రూఫ్ మాట నమ్మకుండ రెయిన్ కవర్ పెట్టుకోర్రి, కుట్టు సూది పొడిచిన ప్రతి రంధ్రం నీళ్లకు దారే.

యాంకర్: నల్గొండ నుంచి ఒక అమ్మ లైన్ల ఉన్నరు.

మూడో కాలర్: నమస్తే బాబు. మా బిడ్డ లడఖ్ పోతానంటున్నది, విమానంల. కెమెరా బ్యాగు చేతిల పట్టుకపోనిస్తరా?

గెస్ట్: పట్టుకపోనిస్తరమ్మా, మన దేశంల విమానాలల్ల మామూలుగ 7 కిలోల దాక. ఖాళీ బ్యాగే రెండున్నర ఉంటే మూడో వంతుకు పైన లెక్క ఆడనే పాయె, అందుకే ఖాళీ బ్యాగు బరువు అడుగుర్రి. విడి బ్యాటరీలు మాత్రం చేతి బ్యాగులనే ఉండాలె, పెద్ద సూట్‌కేసుల ఎయ్యద్దు. ఇంటికొచ్చినంక లెన్సులు ఆ బ్యాగులనే ఉంచద్దని చెప్పుర్రి, ఫోము తేమ పట్టుకుంటది, ఫంగస్ వస్తది. మూత గట్టిగ పట్టే ప్లాస్టిక్ డబ్బాల తేమ పీల్చే సిలికా జెల్ ఏసి పెట్టాలె.

మూడో కాలర్: మంచిది బాబు. ఇందాక బియ్యం అన్నవ్ కద, దుకాణంల కొంటే గూడ బియ్యం పోసి సూడాల్నా? ఆయన ఏమనడా?

గెస్ట్: ఏమన్న అంటే బియ్యం కట్టుకొని పక్క దుకాణంకు పోర్రి అమ్మా.