ఒక్కపొద్దూ ఒంటి కష్టమూ: నెల్లూరు ఎండలో 16 గంటల ఉపవాసం

నమస్కారం. రోజుకు 16 గంటలు ఏమీ తినకుండా ఉండి, మిగిలిన 8 గంటల్లోనే భోజనాలు ముగించుకునే ఉపవాస పద్ధతిని నేను నాలుగు నెలలుగా పాటిస్తున్నాను. దీని గొప్పతనాన్ని వర్ణించే వీడియోలు ఇప్పటికే వందలున్నాయి కాబట్టి ఆ పని నేను పెట్టుకోను. ఉపవాసముంటూనే రోజూ సైకిలు తొక్కి, బరువులెత్తే మనిషి, అందులోనూ నెల్లూరు ఎండలో బతికే మనిషి, ఎక్కడ ఇబ్బంది పడతాడో, దానిని ఎలా సర్దుకోవచ్చో మాత్రమే చెబుతాను.

ఆకలి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. నాకు చిన్నప్పటి నుంచి ఉదయం 8 గంటలకు కారం దోసె తినే అలవాటు ఉండడం వల్ల, మొదటి వారమంతా సరిగ్గా ఆ వేళకు కడుపులో ఎలుకలు పరుగెత్తేవి; విచిత్రమేమిటంటే, ఏమీ తినకపోయినా 9 గంటలకల్లా సద్దుమణిగేవి. కడుపు నుంచి వెలువడే గ్రెలిన్ అనే హార్మోను మనం రోజూ తినే వేళలను గుర్తుపెట్టుకుని, ఆ వేళకు పెరిగి, తినకపోయినా కాసేపటికి తగ్గుతుంది. వేళ మార్చి కొన్నాళ్లు ఓపిక పడితే అదీ కొత్త వేళకు మళ్లుతుంది. నాకు 12 రోజులు పట్టింది. ఆ 12 రోజులూ మా అమ్మ అన్న మాట ఒక్కటే: "ఏంది అబ్బయా, ఒక్కపొద్దుంటే దేవుడికన్నా ఉండు, ఈ గడియారానికి ఉండేదేంది?"

అసలు ఇబ్బంది తొమ్మిదో రోజున, ఆదివారం ఎదురైంది. తెల్లవారుజామున బయలుదేరి, 20 కిలోమీటర్లకు పైగా ఉన్న మైపాడు బీచికి సైకిలు మీద వెళ్లి, తిరిగి వస్తున్నాను. రాత్రి 8 తరువాత ఏమీ తినలేదు. మంచినీళ్లు మాత్రం రెండు లీటర్లు తాగాను. ఇందుకూరుపేట దగ్గర కాస్త ఆగుదామని సైకిలు దిగి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మాయి, తల దిమ్మెక్కింది, కల్వర్టు గోడ పట్టుకుని అలాగే కూలబడ్డాను. రోడ్డు పక్కన సోడా బంకు నడుపుకునే ఆమె నన్ను చూసి, అడగకుండానే ఒక నిమ్మకాయ కోసి, చిటికెడు కాదు, అర చెంచాడు ఉప్పు వేసి సోడా కలిపి ఇచ్చింది. చక్కెర వేయలేదు. పావుగంటకు తల తేలికపడి, మెల్లగా ఇల్లు చేరుకున్నాను.

ఇంటికి వచ్చిన తరువాత చదివి తెలుసుకున్నదేమిటంటే, ఉపవాసంలో రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది, అది తగ్గినప్పుడు మూత్రపిండాలు ఉప్పులో ఉండే సోడియాన్ని మునుపటిలా పట్టి ఉంచక మూత్రంలోకి వదిలేస్తాయి, సోడియం వెంట నీరూ పోతుంది. దీనికి చెమట తోడవుతుంది. మనిషిని బట్టి మారినా, లీటరు చెమటలో దాదాపు 1 గ్రాము సోడియం, అంటే రెండున్నర గ్రాముల ఉప్పు పోవచ్చు. పొద్దున చట్నీతో, సాంబారుతో ఒంట్లోకి చేరే ఉప్పును కూడా మానుకున్నవాడు ఉత్త నీళ్లు తాగుతూ పోతే, ఉన్న ఉప్పు ఇంకా పలచబడుతుంది. నేను నీరసమనుకుని నీళ్లు తాగుతూ పోయాను. చేసిన తప్పు అదే. ఇప్పుడు సైకిలు సీసాలో నిమ్మరసం, ఉప్పు కలిపిన నీళ్లు తప్పనిసరి. రక్తపోటు ఉన్నవారు మాత్రం ఈ ఉప్పు విషయంలో నన్ను కాక డాక్టరును అడగాలి.

రెండవది వేళల సంగతి. ఉపవాసం విరమించడానికి కాస్త ముందు వ్యాయామం చేసి, వెంటనే తినమని చాలామంది చెబుతారు. మధ్యాహ్నం 12 గంటలకు భోజనం అనుకుంటే 11 గంటలకు వ్యాయామం చేయాలన్నమాట. రోహిణి కార్తెలో నెల్లూరులో ఆ వేళకు పరుగెత్తమని చెప్పేవారు ముందు ఒకసారి ఇక్కడికి వచ్చి చూడాలి! ఉదయం 6 గంటలకే కష్టపడి, 12 దాకా కడుపు మాడ్చుకుంటే, అలసిన కండరాలకు ఆరు గంటల పాటు ఏమీ అందదు. కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్, అంటే ఒళ్లు దాచిపెట్టుకునే చక్కెర, సుమారు 100 గ్రాములే. రాత్రంతా మెదడును పోషించేసరికి అందులో చాలా భాగం ఖర్చవుతుంది. కండరాల్లో నిల్వ వేరేగా ఉంటుంది కాబట్టి నడకకు, తీరికగా తొక్కే సైకిలుకు లోటుండదు. ఎక్కువసేపు వేగంగా పరుగెత్తినప్పుడే తేడా తెలుస్తుంది.

ఈ విషయంలో నాకు దారి చూపింది నా బట్టల కొట్టున్న ట్రంకు రోడ్డు బజారే. రంజాను నెలలో నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసముండే మా పక్క కొట్లవాళ్లు, తెల్లవారకముందు సహరీ భోజనం చేసిన వెంటనే పొద్దున్నే బరువైన మూటలు దించుకుని, పగలంతా కూర్చుని చేసే పనులు పెట్టుకుని, మిగిలిన బరువు పని ఇఫ్తారు తరువాతకు ఉంచుకుంటారు. కష్టాన్ని తిండి పక్కకు జరుపుకోవడమే వారి పద్ధతి. నేనూ తినే వేళను ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా జరుపుకున్నాను. ఏడున్నరకు బరువులు ముగించి, స్నానం చేసి, 9 గంటలకు తింటాను. సాయంత్రం నాలుగున్నరకు ఇంటి నుంచి క్యారియర్ వస్తే, బట్టల బేళ్ల వెనుక కూర్చుని తింటాను. బేరానికి వచ్చినవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి.

మూడవది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, పళ్లెంలో ఏముందన్నది. 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 116 మందిని 12 వారాలు పరిశీలిస్తే, 16 గంటల ఉపవాసం చేసినవారు మామూలుగా మూడు పూటలా తిన్నవారికన్నా చెప్పుకోదగినంత అదనంగా బరువేమీ తగ్గలేదు. తగ్గిన కొంచెంలోనూ కొవ్వు కన్నా కండ వంటి భాగమే ఎక్కువ. దీనికి భిన్నంగా 2016లో ఇటలీ పరిశోధకులు, బరువులెత్తే అలవాటున్న 34 మంది పురుషులను 8 వారాలు పరిశీలించినప్పుడు, ఇదే ఉపవాసం చేసినవారికి కొవ్వు తగ్గింది, కండ నిలిచింది. వారు వ్యాయామం మానలేదు, మాంసకృత్తులూ తగ్గించలేదు. తేడా అక్కడుందని నా నమ్మకం.

మన భోజనంలో ఇది తేలికగా తప్పిపోతుంది. 70 కిలోల మనిషి వ్యాయామం చేస్తే, కిలోకు 1.2 గ్రాముల చొప్పున లెక్కవేసినా, రోజుకు 84 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు పూటలా మొలకొలుకుల బియ్యపు అన్నం, చారు, ఊరగాయతో కడుపు నిండిపోతుంది గాని అందులో సగమైనా రాదు. గుడ్డులో 6 గ్రాములుంటాయి. 100 గ్రాముల చేపలో 20 దాకా ఉంటాయి. అందుకే పొద్దున మూడు గుడ్లు, పెసరట్టు, సాయంత్రం గట్టి పప్పు, పెరుగుతో పాటు చేపో శనగలో తింటున్నాను. అన్నం తగ్గించడం నాకు ఆకలిని ఓర్చుకోవడం కన్నా కష్టమైందని ఒప్పుకుంటున్నాను.

ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడే మధుమేహ రోగులు డాక్టరు మోతాదు మార్చకుండా ఈ ఉపవాసం మొదలుపెడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు దీని జోలికి వెళ్లవద్దు.

ఇంకా కుదరనిది ఒకటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు కొట్టు కట్టేసి వచ్చాక ఇంటిల్లిపాదీ భోంచేస్తుంటే నేను మంచినీళ్ల గ్లాసుతో పక్కన కూర్చుంటాను. ఆదివారం రాత్రి చేపల పులుసు వండితే మాత్రం కూర్చోలేను. తినేసి, మరునాడు బరువులు మానుకుని, మధ్యాహ్నం రెండింటి దాకా ఆగుతాను. అమ్మ ఆ ఒక్క రాత్రే నా ఉపవాసాన్ని మెచ్చుకుంటుంది.