పద్దు అడిగిన కోశాధికారి

సభకు నమస్కారం.

మూలవాసుల రాజకీయాలపై పరిశోధననో, వారికి అండగా నిలిచే దాతృత్వ సంస్థలలో ఉద్యోగాన్నో జీవనవృత్తిగా ఎంచుకోవాలనుకునే విద్యార్థులకు నేను ముందుగా ఎలుయీజ్ కోబెల్ గురించి చెబుతాను. ఆమె ఆచార్యురాలు కారు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బ్లాక్‌ఫీట్ తెగకు కోశాధికారిగా పనిచేశారు.

1887 నాటి డాస్ చట్టం తెగల ఉమ్మడి భూములను వ్యక్తుల పేర పంచి, ఆ కమతాలను ప్రభుత్వ ధర్మకర్తృత్వం కింద ఉంచింది. పచ్చిక బయళ్ల కౌలు మీద, చమురు మీద, కలప మీద వచ్చే రాబడిని ప్రభుత్వమే వసూలు చేసి హక్కుదారుల ఖాతాలలో జమ చేయాలి. ఎంత వసూలైందో, ఎవరికి ఎంత చేరిందో చెప్పే సరైన లెక్క మాత్రం ప్రభుత్వం దగ్గర లేదు. తెగ పద్దులు చూస్తూ ఈ లోటును పసిగట్టిన కోబెల్, అధికారులను అడిగి అడిగి విసిగి, 1996లో లక్షలాది ఖాతాదారుల తరఫున దావా వేశారు. కోరిన రికార్డులు సమర్పించనందుకు 1999లో న్యాయమూర్తి ఇద్దరు కేంద్ర మంత్రులను కోర్టు ధిక్కార దోషులుగా ప్రకటించారు. నా దృష్టిలో ఇదీ పరిశోధనే, పైగా అసలైన పరిశోధన. ఇక్కడ ప్రశ్న ఖాతాదారుల ఇంట్లోనే పుట్టింది.

ఇక డబ్బు సంగతి. 1997లో తనకు లభించిన మెకార్థర్ ఫెలోషిప్ (ప్రతిభావంతులకు ఇచ్చే నగదు పురస్కారం) సొమ్ములో చాలా భాగాన్ని ఆమె ఈ దావాకే వెచ్చించారు. 1970లో ఫోర్డ్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ సాయంతో ఆరంభమైన, మూలవాసుల హక్కుల కోసం వాదించే నేటివ్ అమెరికన్ రైట్స్ ఫండ్ న్యాయవాదులు ఆమె పక్షాన వాదించారు. 1970లో ఆ నిధులిచ్చినవారు పాతికేళ్ల తరువాత రాబోయే ఈ వ్యాజ్యాన్ని ఊహించి ఉండరు. వారు ఒక సంస్థ నిలదొక్కుకోవడానికి ఇచ్చారు. రెండు మూడేళ్ల గడువు పెట్టి, చివర ఒక నివేదిక అచ్చయితే చాలనుకునే నేటి దాతలకు (వారి దగ్గరే మీలో కొందరు ఉద్యోగం చేస్తారు) ఈ ఓపిక అంత తేలికగా రుచించదు.

2009లో 340 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అందులో 190 కోట్లు, వారసుల మధ్య ముక్కలు చెక్కలైన కమతాలను కొని తిరిగి తెగలకు అప్పగించడానికి కేటాయించారు. లెక్కల తగాదాకు సంబంధించి ఒక్కో ఖాతాదారుకు దక్కింది 1,000 డాలర్లే. నూరేళ్లకు పైబడిన బాకీకి ఇది చాలదన్న విమర్శ న్యాయమైనదే. కొందరు ఖాతాదారులు అప్పీలుకు కూడా వెళ్లారు. చెల్లింపులు 2012 డిసెంబరులో మొదలయ్యేనాటికి కోబెల్ లేరు. ఆ ఒప్పందం ప్రకారమే, భూముల కొనుగోళ్లను బట్టి 6 కోట్ల డాలర్ల వరకు జమయ్యేలా ఏర్పడిన ఉపకారవేతన నిధి నేడు ఆమె పేరుతో తెగల విద్యార్థులను చదివిస్తోంది.