చీటీ మీద టైం ఏదీ?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పావుగంటా అయిపోతుంది, మన్నించాలి. వినియోగదారుల దినోత్సవం విశిష్టత ముందువాళ్లు చెప్పేశారు. నేను ఓపీ చీటీ గురించి మాట్లాడతాను.

యాభై ఏళ్ల మనిషి ఛాతీలో మంట, చెమటలు, ఎడమ చెయ్యి లాగుతోందని వీధిలోని డాక్టరు దగ్గరికెళ్తాడు. చీటీలో ఏముంటుంది? గ్యాస్ ఇంజెక్షన్. బీపీ రాయరు, ఈసీజీ మాట లేదు, టైం అసలే లేదు. మర్నాడు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి చెయ్యి దాటిపోతుంది. అప్పుడు క్లినిక్ అద్దాలు పగలగొడతారు, ధర్నా చేస్తారు. అయ్యా, ఆ అద్దాల కేసు మీ మీదే పడుతుంది!

దానికి బదులు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చెయ్యండి. అక్కడ రెండు నిరూపించాలి. ఆ లక్షణాలు విన్న మామూలు డాక్టరెవరైనా పెద్దాసుపత్రికి పంపేవాడని ఒకటి. అంచనా తప్పడం వేరు, నిర్లక్ష్యం వేరని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండోది, వేళకు పంపివుంటే ఫలితం మారేదని. కేసులు పోయేది ఇక్కడే. గుండెపోటుకు గడ్డ కరిగించే మందు 12 గంటల్లోపు ఇవ్వాలి, రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతానికి నాలుగున్నర గంటల్లోపు. నొప్పి ఎన్నింటికి మొదలైంది, డాక్టరు ఎన్నింటికి చూశాడు? ఇది తేలకపోతే ఏ నిపుణుడైనా ఏం చెప్తాడు? మందుల షాపు బిల్లు మీద టైం ఉంటుంది, 108కి చేసిన కాల్ ఫోన్లో ఉంటుంది. దయచేసి పారేయకండి.

ఈ సభలో డాక్టర్లూ ఉన్నారు. 'పొమ్మన్నాను, వాళ్లే వినలేదు' అని తర్వాత చెప్తే ఎవరు నమ్ముతారండీ? 'రుయా ఆసుపత్రికి వెళ్లమన్నాను, ఇన్ని గంటలకి' అని చీటీ మీద ఒక్క ముక్క రాయండి. మిమ్మల్ని కాపాడేది అదే. హోమియో చదివి అల్లోపతి మందులిస్తే అదే నిర్లక్ష్యమని 1996లో పూనమ్ వర్మ కేసులో తీర్పొచ్చింది. ఆర్‌ఎంపీల సంగతి ఇక చెప్పాలా?

ఆసుపత్రి రికార్డులు కావాలంటే తేదీ వేసి రాతపూర్వకంగా అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి. 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెప్తున్నాయి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. దినాలయ్యాక చూద్దామనుకుంటూ ఏడాది గడిపేస్తారు మనవాళ్లు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు ఆసుపత్రి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదు.

ఖర్చెంతని వెనకనుంచి ఎవరో అడుగుతున్నారు. వైద్యానికి మీరు కట్టింది 5 లక్షలలోపైతే ఫిర్యాదు ఫీజు లేదు. ఎంత పరిహారం అడిగినా ఫీజు లెక్క మీరు కట్టిన డబ్బును బట్టే. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు.